వెంబన్యామా ఇంట్లో వద్దన్నవి

పిల్లవాడు పొట్టిగా ఉన్నాడని ఇంట్లో దిగులు మొదలైతే మన దగ్గర మొదట వినిపించే సలహా "బాస్కెట్‌బాల్‌లో చేర్పించండి, ఎత్తు పెరుగుతాడు" అని. చుట్టాలు చెబుతారు, పక్కింటివాళ్లు చెబుతారు, కొన్నిసార్లు బడిలో పీఈటీ సారు కూడా చెబుతారు. ఇది తలకిందుల లెక్క. ఆట ఎవరినీ పొడుగు చేయదు. పొడుగ్గా ఉన్నవాళ్లను ఆట ఏరుకుంటుంది, మిగిలినవాళ్లు పదిహేను, పదహారేళ్లకల్లా వేరే దారి చూసుకుంటారు. చివరికి కోర్టులో మిగిలినవాళ్లను చూసి, ఆడటం వల్లే ఇలా ఎదిగారని అనుకుంటాం.

ఫ్రాన్స్ నుంచి అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్లిన ఆటగాడు విక్టర్ వెంబన్యామా గురించి మాట్లాడేవాళ్లు ఇదే తప్పు ఇంకోవైపు నుంచి చేస్తుంటారు. ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. చేతులు బారచాపితే 8 అడుగులు. తల్లి బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి, తండ్రి ట్రిపుల్ జంపర్. ఇంకేముంది, అంతా రక్తంలోనే ఉందని తేల్చేస్తారు. రక్తంలో ఉన్నదాన్ని నేను కాదనను. కానీ అలాంటి ఎత్తే, అలాంటి తల్లిదండ్రులే ఉన్న ఇంకో ఆటగాడు ముప్పై ఏళ్లకే పాదాలు పాడై ఆట మానేయాల్సి వచ్చింది. ఆయన సంగతి కిందకి వస్తుంది. ఈ ఇద్దరికీ తేడా ఎక్కడుందో తెలియాలంటే వెంబన్యామా, అతని ఇంటివాళ్లు ఏమేం వద్దన్నారో వరసగా చూడాలి.

2004 జనవరి 4న పారిస్ పక్కన లె షెనేలో పుట్టాడు. తల్లి ఎలోడీ ద ఫోతెరో బాస్కెట్‌బాల్ ఆడి, ఆ తర్వాత చిన్నపిల్లలకు కోచ్‌గా పనిచేశారు. విక్టర్‌కు బంతి పట్టుకోవడం నేర్పింది కూడా ఆమే. ఆమె తండ్రిదీ అదే ఆట. విక్టర్ తండ్రి ఫెలిక్స్ కాంగో మూలాలున్న అథ్లెట్. అక్క ఈవ్ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌లోకి వెళ్లింది. తమ్ముడు ఆస్కార్ కొన్నాళ్లు హ్యాండ్‌బాల్ ఆడి తర్వాత ఇటు మళ్లాడు.

ఈ కుటుంబంలో అందరూ తల్లి వైపే చూస్తారు కానీ, తండ్రి ఆటను కూడా పట్టించుకోవాలి. ట్రిపుల్ జంప్ అంటే వరసగా మూడు దూకుళ్లు: హాప్, స్టెప్, జంప్. హాప్ నుంచి స్టెప్‌కి మారేటప్పుడు ఒంటికాలి మీద శరీర బరువుకు పది రెట్లకు పైగా భారం పడుతుంది. అందుకే ఆ ఆటవాళ్లు పూర్తి పరుగుతో రోజూ దూకరు. వారంలో ఎన్నిసార్లు కాలు నేల తాకిందో లెక్క రాసుకుంటారు, లెక్క దాటితే ఆపేస్తారు. బాస్కెట్‌బాల్‌లో ఈ అలవాటు ఆలస్యంగా వచ్చింది, మన దగ్గరైతే ఇప్పటికీ రాలేదు. ఎముకకు, స్నాయువుకు ఒక హద్దు ఉంటుందని తెలిసిన మనిషి, ఆట లోతు తెలిసిన మనిషి ఒకే ఇంట్లో ఉండటం పిల్లవాడికి ఎత్తు కంటే పెద్ద ఆస్తి.

చిన్నప్పుడు ఒకే ఆటకు కట్టిపడేయలేదు. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు, జూడో నేర్చుకున్నాడు. జూడోలో మొదట నేర్పేది పడటం. ఏడడుగుల మనిషికి అది చిన్న విద్య కాదు. బాస్కెట్‌బాల్‌లో చీలమండలు, మోకాళ్లు ఎక్కువగా దెబ్బతినేది గాల్లోంచి దిగేటప్పుడు, అందులోనూ ఇంకొకరి పాదం మీద దిగినప్పుడు. ఎన్‌బీఏ, అమెరికా బాస్కెట్‌బాల్ సమాఖ్య కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా కనీసం 14 ఏళ్లు వచ్చేదాకా పిల్లలను ఒకే ఆటకు పరిమితం చేయొద్దనే చెబుతున్నాయి.

పదేళ్లప్పుడు నాంతెర్ క్లబ్‌లో చేరాడు. పద్నాలుగేళ్లప్పుడు, 2018లో, బార్సిలోనా క్లబ్ తమ పిల్లల జట్టు తరఫున ఒక టోర్నమెంట్ ఆడించింది. అంత పెద్ద క్లబ్ పిలిస్తే చాలామంది పెట్టె సర్దుకుంటారు. అతను వెనక్కి వచ్చేశాడు. ఫ్రాన్స్‌లో మెరిసే పిల్లలు మామూలుగా పారిస్‌లోని జాతీయ శిక్షణ కేంద్రం ఇన్సెప్‌కు వెళతారు. ఎన్‌బీఏలో ఆడిన టోనీ పార్కర్, బోరిస్ దియావ్ అక్కడ తయారైనవాళ్లే. అక్కడికీ వెళ్లలేదు, నాంతెర్‌లోనే ఉండిపోయాడు.

ఉండి ఏం నేర్చుకున్నాడన్నది ముఖ్యం. పొడుగు పిల్లవాడు దొరికితే కోచ్ చేసే మొదటి పని రింగు కింద నిలబెట్టడం. ఆదివారం మ్యాచ్ గెలవడానికి అది చాలు. దాంతో ఆ పిల్లవాడు డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ నడపడం) నేర్చుకోడు, దూరం నుంచి షాట్ వేయడు, బంతి చేతిలో ఉండగా నలుగురిని చూసి పాస్ ఇవ్వడు. పద్దెనిమిదేళ్లకు తనంత పొడుగువాళ్లు ఎదురైనప్పుడు చేతిలో ఏమీ ఉండదు. వెంబన్యామాను మాత్రం, బంతి నడిపించి ఆట అల్లే గార్డు చేసే పనులన్నీ చేయనిచ్చారు. పొడుగు మనిషి డ్రిబుల్ చేయడంలో ఉన్న కష్టం చూడండి. బంతి చేతి నుంచి నేలకు వెళ్లి తిరిగి రావడానికి దూరం ఎక్కువ, కాబట్టి సమయం ఎక్కువ. ఆ సందులో ఆరడుగుల గార్డు చేయి పెట్టి తన్నుకుపోతాడు. దీనికి విరుగుడు మోకాళ్లు, తుంటి వంచి కిందికి దిగి ఆడటం. అలా దిగాలంటే చీలమండ, తుంటి సులువుగా వంగాలి. చిన్నప్పుడే మొదలుపెడితే అది ఒంటికి సులువుగా పడుతుంది.

అతని ఫిట్‌నెస్ శిక్షకుడు గియోమ్ ఆల్కియే చేయించిన కసరత్తులు చూసి మొదట్లో జనం వింతపడ్డారు. చెప్పుల్లేకుండా కాలివేళ్లకు వ్యాయామం, నాలుగు కాళ్ల జంతువులా పాకడం, బొటనవేలి మీద బరువు మోపి నిలబడటం. ఇందులో వింతేమీ లేదు. పాదంలోని చిన్న కండరాలు పాదం వంపును పట్టి ఉంచుతాయి. అవి అలసిపోతే దిగేటప్పుడు దెబ్బ నేరుగా ఎముక మీదకి పోతుంది. "సన్నగా ఉన్నాడు, ముందు ఇరవై కిలోలు పెంచండి" అని విశ్లేషకులు గోల పెట్టినప్పుడు కూడా తొందరపడలేదు. పెరిగిన ప్రతి కిలోనూ మోయాల్సింది ఆ పాదాలే. జట్టు లెక్కల్లో అతని బరువు మొదటి ఎన్‌బీఏ సీజన్‌లో 95 కిలోల దగ్గర ఉంటే, రెండో సీజన్‌కు 106కు వచ్చింది.

2019 అక్టోబర్‌లో, పదహారేళ్లు నిండకముందే, నాంతెర్ తరఫున యూరప్ క్లబ్‌ల రెండో స్థాయి పోటీ యూరోకప్‌లో ఇటలీకి చెందిన బ్రెషా జట్టు మీద ప్రొఫెషనల్‌గా తొలి మ్యాచ్ ఆడాడు. తర్వాతి ఏడాది చివర్లో కాలి ఫిబ్యులా ఎముక విరిగింది. 2021లో లాత్వియాలో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్ దాకా ఫ్రాన్స్‌ను తీసుకెళ్లాడు, అమెరికా 83-81తో గెలిచింది. ఆ వేసవిలోనే టోనీ పార్కర్ క్లబ్ అస్వెల్‌లో చేరాడు.

అతని ఎదుగుదలలో నాకు తప్పటడుగుగా కనిపించేది ఈ ఏడాదే. కాగితం మీద చూస్తే సరైన మెట్టు: ఫ్రాన్స్ చాంపియన్, యూరప్ అగ్ర క్లబ్‌ల పోటీ యూరోలీగ్ ఆడే జట్టు. లోపల లెక్క వేరు. ఫ్రెంచ్ లీగ్‌లో 34 మ్యాచ్‌లు, యూరోలీగ్‌లో 34 మ్యాచ్‌లు. వారం మధ్యలో విమానం ఎక్కి ఇంకో దేశం, వారాంతంలో ఇంట్లో మ్యాచ్. గెలవడమే పనిగా ఉన్న జట్టులో పదిహేడేళ్లవాడికి దొరికేది కొన్ని నిమిషాలు. సాధన చేయాల్సిన రోజులు ప్రయాణాల్లో పోయాయి. వేలు విరగడం, భుజం ఎముకకు దెబ్బ, చివర్లో తుంటి కండరం గాయం. ఫ్రెంచ్ లీగ్‌లో 16 మ్యాచ్‌లే ఆడగలిగాడు, సగటు 9.4 పాయింట్లు. జట్టు టైటిల్ గెలిచింది, ప్లేఆఫ్స్‌లో అతను లేడు.

అప్పుడు వద్దన్నది యూరోలీగ్‌నే. అస్వెల్‌ను వదిలి, పారిస్ పక్కనే లెవలువాలో ఉన్న మెట్రోపాలిటన్స్ 92లో చేరాడు. 2022-23లో ఆ జట్టుకు యూరప్ పోటీలేమీ లేవు. అంటే వారానికి ఒక మ్యాచ్, మిగతా రోజులు సాధన, జిమ్, నిద్ర. కోచ్ వాన్సాన్ కొలే అప్పట్లో జాతీయ జట్టు కోచ్ కూడా. జట్టు ఆట మొత్తం ఈ కుర్రవాడి చుట్టూ అల్లాడు. ఫలితం: 34 మ్యాచ్‌లకు 34 ఆడాడు, సగటున 21.6 పాయింట్లు, 10.4 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ తర్వాత బంతిని అందుకోవడం). లీగ్ ఉత్తమ ఆటగాడు. జట్టు ఫైనల్ చేరి మొనాకో చేతిలో ఓడింది. పైకి చూస్తే పోటీ స్థాయి తగ్గించుకున్నట్టే. నాకు మాత్రం అతని కెరీర్‌లో తీసుకున్న అన్నిటికంటే మంచి నిర్ణయం అదే.

ఈ కథను "విశ్రాంతి ఇస్తే బాగుపడతారు" అని కుదించడం కూడా తప్పే. 2022 అక్టోబర్‌లో అమెరికాలో లాస్ వేగాస్ దగ్గర ఎన్‌బీఏ అనుబంధ జీ లీగ్‌లోని ఇగ్నైట్ జట్టుతో రెండు ప్రదర్శన మ్యాచ్‌ల్లో 37, 36 పాయింట్లు కొట్టాడు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం అప్పుడే ఖాయమైపోయింది. గాయం తగలకుండా ఇక ఆడటం ఆపేయమన్న సలహాలు చాలా వచ్చాయి. దానికీ వద్దనే అన్నాడు, సీజన్ అంతా ఆడాడు. ఆ తర్వాత ఎన్‌బీఏ సమ్మర్ లీగ్‌లో రెండు మ్యాచ్‌లు ఆడి ఆపేశాడు. 2023 ప్రపంచకప్‌కు రానని దేశానికి చెప్పాడు. ఆ టోర్నీలో ఫ్రాన్స్ మొదటి దశలోనే ఇంటిదారి పట్టింది, విమర్శలూ వచ్చాయి. ఏ మ్యాచ్ ఎదుగుదలకు పనికొస్తుంది, ఏది ఒంటిని అరగదీస్తుంది అన్న విచక్షణ వీటన్నిటిలో కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి పారిస్ ఒలింపిక్స్‌కు సరేనన్నాడు. 2024 ఆగస్టు 10న ఫైనల్లో అమెరికా మీద 26 పాయింట్లు, మెడలో వెండి పతకం.

ఇప్పుడు ఆ ఇంకో ఆటగాడి సంగతి. యావో మింగ్ తల్లి ఫాంగ్ ఫెంగ్డీ చైనా మహిళల జట్టు కెప్టెన్. తండ్రి కూడా బాస్కెట్‌బాల్ ఆటగాడే. కొడుకు ఎత్తు 7 అడుగుల 6 అంగుళాలు. చేతిలో నైపుణ్యం, బుర్రలో ఆట, రెండూ ఉన్నవాడు. 13 ఏళ్లకే షాంఘై జూనియర్ జట్టులో చేర్చుకుని రోజుకు పది గంటల దాకా సాధన చేయించారు. 2002 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం అతనిదే. అయితే అమెరికా వెళ్లడానికి క్లబ్, చైనా సమాఖ్య అనుమతి కావాలి. పిలిచినప్పుడల్లా జాతీయ జట్టుకు రావాలన్నది అందులో షరతు. మొదటి మూడు ఎన్‌బీఏ సీజన్లలో 246 మ్యాచ్‌లకు 244 ఆడాడు. ఆ మూడు ఏళ్లూ వేసవుల్లో దేశం కోసం ఆడుతూనే ఉన్నాడు. 2006లో ఎడమ పాదం ఎముక విరిగింది. 2008 ఫిబ్రవరిలో అదే పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడిన ఒత్తిడికి ఎముకలో వచ్చే పగులు), శస్త్రచికిత్స చేశారు. అదే ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్ ఆడాడు. 2009లో మళ్లీ అదే పాదం. 2011లో రిటైరయ్యాడు.

పాదం మధ్యలో పడవ ఆకారంలో నావిక్యులర్ అనే చిన్న ఎముక ఉంటుంది. పరుగెత్తినా, దూకినా పాదం వంపు మీద పడే ఒత్తిడి అక్కడే కేంద్రీకృతమవుతుంది. పైగా దాని నడుమ భాగానికి రక్తసరఫరా తక్కువ. సన్నని పగులు వస్తే త్వరగా అతకదు, అతికిందనుకుని దూకితే మళ్లీ తెరుచుకుంటుంది. కావాల్సింది విడుపు, నెలల తరబడి. యావోకు దొరకనిది అదే. అతని తల్లిదండ్రులకు ఆట తెలియక కాదు. నిర్ణయం వాళ్ల చేతుల్లో లేదు. క్రీడాకారుల ఇంట్లో పుట్టడం ఇద్దరికీ సమానమే, ఆ ఇంటి మాట చెల్లడం ఒకరికే దక్కింది.

2023 జూన్ 22న శాన్ ఆంటోనియో స్పర్స్ వెంబన్యామాను మొదటి ఆటగాడిగా తీసుకుంది. మొదటి రెండు నెలలు జట్టు అతన్ని తప్పుగా వాడింది. జాక్ కాలిన్స్‌ను రింగు దగ్గరుండే సెంటర్‌గా ఉంచి ఇతన్ని దాని పక్క స్థానమైన పవర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. రింగు ముందు ఇంకో పొడుగు మనిషి నిలబడి ఉంటే దూసుకెళ్లడానికి చోటుండదు. ఫార్వర్డ్ అయిన జెరెమీ సోహన్‌తో, ఆట నడిపించే పాయింట్ గార్డు పని చేయించారు. గాల్లోకి సరైన ఎత్తులో బంతి వేసేవాడు లేక చేతికందే పాయింట్లు పోయాయి. వరసగా 18 ఓటములు. డిసెంబర్‌లో సెంటర్‌గా మార్చి, తర్వాత ట్రే జోన్స్‌ను పాయింట్ గార్డుగా పెట్టాక ఆట మారిపోయింది.

స్పర్స్ మెచ్చుకోదగ్గ పని నిమిషాల విషయంలో చేసింది. డిసెంబర్ 23న డల్లాస్‌లో మ్యాచ్‌కు ముందు బాల్‌బాయ్ పాదం మీద కాలు పడి చీలమండ మెలిపడింది. ఆ తర్వాత కొన్ని వారాలు నిమిషాలకు గట్టి హద్దు పెట్టారు, వరస రోజుల్లో రెండు మ్యాచ్‌లుంటే ఒకటే ఆడించారు. సీజన్ మొత్తం సగటు 29.7 నిమిషాలు. ఆ నిమిషాల్లోనే 21.4 పాయింట్లు, 10.6 రీబౌండ్లు, 3.6 బ్లాకులు (ఎదుటివాళ్ల షాట్‌ను గాల్లోనే చేత్తో అడ్డుకోవడం), 71 మ్యాచ్‌లు. 2024 ఫిబ్రవరి 12న టొరాంటో మీద అరగంట కూడా ఆడకుండా 10 బ్లాకులు చేశాడు. మొదటి ఏడాది ఆటగాళ్లలో (రూకీల్లో) ఉత్తముడికిచ్చే రూకీ ఆఫ్ ది ఇయర్ ఏకగ్రీవంగా వచ్చింది. లీగ్‌లో ఉత్తమ డిఫెండర్లతో ఎంపిక చేసే డిఫెన్స్ మొదటి జట్టులో చోటు సంపాదించిన మొట్టమొదటి రూకీ కూడా అతనే.

బ్లాకుల గురించి ఒక మాట. రింగు ఎత్తు 10 అడుగులు. ఇతను నేల మీద నిలబడి చేయెత్తితేనే సుమారు 9 అడుగుల 7 అంగుళాలు అందుతుంది. అంటే చాలా బ్లాకులకు ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి ఎగరక్కర్లేదు. ఎగిరే ఎత్తు తగ్గితే దిగేటప్పటి దెబ్బ కూడా తగ్గుతుంది. ఎదుటివాడు షాట్ వేస్తున్నట్టు నటించే ప్రతి పంప్ ఫేక్‌కీ గాల్లోకి లేవకుండా నేల మీదే ఆగి, చేతులతో పని కానివ్వడం అతని కెరీర్‌ను పొడిగించే నైపుణ్యం. దాన్ని హైలైట్ వీడియోల్లో ఎవరూ చూపించరు.

ఇంత జాగ్రత్తపడ్డా రాకూడనిది వచ్చింది. 2025 ఫిబ్రవరిలో కుడి భుజంలోని లోతు సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. 46 మ్యాచ్‌లకే సీజన్ ముగిసింది. అప్పటికి సగటు 24.3 పాయింట్లు, 3.8 బ్లాకులు. డిఫెన్స్ అవార్డు అతనిదేనని అందరూ అనుకుంటున్న సమయం అది. కానీ అవార్డులకు కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న నిబంధన ఉంది. ఇలాంటి గడ్డకు రక్తం పలచబరిచే మందులు నెలల తరబడి ఇస్తారు. ఆ మందులు వాడుతుండగా మోచేతి దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం తేలిగ్గా ఆగదు, కాబట్టి కోర్టులోకి రానివ్వరు. ఎన్‌బీఏ ఆటగాడు క్రిస్ బాష్ కెరీర్ రక్తం గడ్డలతోనే ముగిసింది. 2019లో చేతిలో గడ్డ వచ్చిన బ్రాండన్ ఇంగ్రమ్ శస్త్రచికిత్స తర్వాత నిలదొక్కుకున్నాడు. కుటుంబం, శిక్షకుడు, జట్టు ఎంత లెక్కగా ఉన్నా ఆపలేని విషయాలు ఉంటాయి. నా వాదనకు ఇది హద్దు, ఒప్పుకోవాలి.

వేసవికి ఆడటానికి అనుమతి వచ్చింది. చైనాలో షావోలిన్ మఠంలో గడిపాడు, ఎన్‌బీఏ పాతతరం సెంటర్ హకీమ్ ఒలాజువాన్ దగ్గర నేర్చుకున్నాడు. 2025-26 మొదటి మ్యాచ్‌లోనే డల్లాస్ మీద 40 పాయింట్లు, 15 రీబౌండ్లు. నవంబర్‌లో పిక్క కండరం పట్టేసి మళ్లీ కొన్ని వారాలు ఆగాల్సి వచ్చింది.

ఇంటి మాట చెల్లడం అంటే ఏమిటో మనకు దగ్గర ఉదాహరణ ఉంది. పి.వి. సింధు తల్లిదండ్రులు రమణ, విజయ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. రమణ 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు, అర్జున అవార్డు గ్రహీత. పొడుగు పిల్లను తమ ఆటలోకి లాగకుండా బ్యాడ్మింటన్ ఆడనిచ్చారు.

అందరి ఇళ్లలో అర్జున అవార్డు ఉండదు. ఆ ఇళ్లలో ఉండే లెక్క మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ బళ్లలో చాలా కోర్టులు సిమెంటువే. డల్లాస్, ఆస్టిన్‌లలో ఉంటున్న మనవాళ్ల పిల్లలు మంచి చెక్క కోర్టుల్లో ఆడతారు, కానీ క్లబ్ టోర్నమెంట్ల పేరుతో రెండు రోజుల్లో నాలుగైదు మ్యాచ్‌లు ఆడేస్తారు. రెండిట్లోనూ పాదాల మీద పడేది ఎక్కువే.

పిల్లల ఎత్తు నెలకోసారి, ఎప్పుడూ పొద్దునే కొలవండి. సాయంత్రానికి ఎవరైనా సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతారు కాబట్టి వేళ మారితే లెక్క తప్పుతుంది. వరసగా రెండు మూడు నెలలు 0.7 సెం.మీ. చొప్పున లేదా అంతకంటే ఎక్కువ పెరుగుతుంటే ఎదుగుదల ఉరకలేస్తున్న కాలమని అర్థం. ఎముక సాగినంత వేగంగా కండరం సాగదు. ఆ నెలల్లో షూటింగ్, డ్రిబ్లింగ్, పాసింగ్ ఉంచి దూకుళ్లు తగ్గించాలి. అన్ని ఆటలూ కలిపి వారంలో శిక్షణ గంటలు పిల్లల వయసు అంకెను దాటకూడదు: పన్నెండేళ్లవాడికి పన్నెండు గంటలు. వారంలో ఒక రోజైనా పూర్తి సెలవు. మోకాలి చిప్ప కింద బుడిపెలా ఉబ్బి నొప్పి, మడమ వెనక నొప్పి ఈ వయసులో తరచూ వచ్చేవే, భారం తగ్గిస్తే తగ్గుతాయి. పాదం పైభాగంలో, నడుమ, వేలు పెట్టి చూపించగలిగేంత చోట నొప్పి వస్తూ, విశ్రాంతికి తగ్గి ఆడగానే తిరగబెడుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. నావిక్యులర్ పగులు మామూలు ఎక్స్‌రేలో తరచుగా కనబడదు, ఎంఆర్ఐ గానీ సీటీ గానీ కావాలి.

కోచ్‌ను అడగాల్సినవి కూడా ఉన్నాయి. మా వాడు వారంలో ఎన్ని మ్యాచ్‌లు ఆడుతున్నాడు? సాధనలో బంతి తీసుకుని ముందుకు వచ్చే అవకాశం వాడికి ఇస్తున్నారా, రింగు కిందే నిలబెడుతున్నారా? బడి జట్టు, అకాడమీ, జిల్లా జట్టు, మూడు చోట్లా ఆడే పిల్లవాడి మొత్తం లెక్క ఈ ముగ్గురు కోచ్‌లలో ఎవరి దగ్గరా ఉండదు. కాబట్టి అది ఇంట్లోనే ఉండాలి: తేదీ, ఎక్కడ ఆడాడు, ఎన్ని నిమిషాలు, ఎక్కడ నొప్పి అన్నాడు. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆయన ముందుగా అడిగేవి ఆ నాలుగే.